డిపాజిట్ కడితేనే ట్రీట్‌మెంటా? రాజస్థాన్ జనం సాధించిన ఒక చట్టం, అది ఆగిపోయిన చోటు

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాం. మాట్లాడేటప్పుడు దొర్లిన ఊఁలు, ఆఁలు మాత్రం తీసేశాను.

ముందు ఒక రాత్రి గురించి చెప్తాను. నేను అప్పుడు బెంగళూరులో జాబ్ చేస్తున్నాను. రాత్రి పదకొండున్నరకి పిన్ని ఫోన్ చేసింది. బాబాయ్ బైక్ మీద వస్తుంటే హైవే మీద యాక్సిడెంట్ అయింది. ఎవరో దారిన పోయేవాళ్లు ఆటోలో ఎక్కించి, దగ్గర్లో ఉన్న ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. తలకి దెబ్బ. స్కాన్ తీయాలి. రిసెప్షన్ దగ్గర ఏమన్నారంటే, ముందు 40 వేలు కట్టండి, తర్వాత లోపలికి తీసుకుంటాం అన్నారు.

నెలాఖరు. నా అకౌంట్లో 11 వేలు ఉన్నాయి. ఫోన్ తీసి ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను. రూమ్మేట్ 5 వేలు, టీమ్ లీడ్ 10 వేలు, కాలేజీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఇంకో 14 వేలు. పిన్ని ఫోన్లో ఏడుస్తూనే ఉంది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి ఫోన్ ఇవ్వమన్నాను. "సార్, రూల్ అది. నా చేతిలో ఏం లేదు సార్" అంది. గట్టిగా కూడా అనలేదు పాపం, మెల్లగానే అంది. గేటు దగ్గర నుంచి స్కాన్ రూమ్ దాకా వెళ్లడానికి 42 నిమిషాలు పట్టింది. నాకెలా తెలుసంటే, పిన్ని కాల్ టైమ్, చివరి యూపీఐ ట్రాన్సాక్షన్ టైమ్ రెండూ ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి.

బాబాయ్ బతికారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా పైకి లేవదు. ఆ 42 నిమిషాల వల్లే అలా అయిందా అంటే నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు. కానీ ఆ రాత్రి నుంచి ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి చెప్పిన "రూల్" ఎవరు పెట్టారు? దాన్ని మార్చాలంటే ఎవర్ని అడగాలి?

ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకి జవాబు వెతకడమే.

కోర్టు ఎప్పుడో చెప్పేసింది

నాకు తర్వాత తెలిసి షాక్ అయిన విషయం ఇది. 1989లోనే, పరమానంద్ కటారా కేసులో, సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా, ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి. పోలీస్ కేసు, కాగితాలు అన్నీ తర్వాత.

1996లో ఇంకో తీర్పు వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో హకీమ్ షేక్ అనే వ్యక్తి 1992లో రైల్లోంచి పడిపోయాడు. తలకి దెబ్బ. ఒకటి తర్వాత ఒకటి ప్రభుత్వ ఆస్పత్రులు తిప్పారు. ఒకచోట సౌకర్యం లేదన్నారు, ఇంకోచోట బెడ్ ఖాళీ లేదన్నారు. చివరికి ప్రైవేటులో చేర్చి దాదాపు 17 వేలు ఖర్చు పెట్టుకున్నాడు. ఆయన ఉన్న వ్యవసాయ కూలీల సంఘం ఈ విషయాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. అత్యవసర వైద్యం అందించకపోవడం అంటే రాజ్యాంగంలోని 21వ అధికరణం, అంటే జీవించే హక్కుని ఉల్లంఘించడమే అని కోర్టు చెప్పింది. 25 వేలు పరిహారం ఇవ్వమంది. డబ్బుల్లేవు అనే కారణం చెప్పి ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేదు అని కూడా అంది.

మరి తీర్పులు ఉండగా మా బాబాయ్‌కి ఎందుకు అలా అయింది? మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, తీర్పు అనేది రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ లాంటిది. ఏం జరగాలో రాసి ఉంటుంది. కానీ కోడ్ ఎవరు రాస్తారు? ఆ 40 వేలు ఎవరు కడతారు? ఆస్పత్రి ఒప్పుకోకపోతే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? ఫైన్ ఎంత? ఇవేవీ తీర్పులో ఉండవు. అవి చట్టంలో, రూల్స్‌లో, బడ్జెట్‌లో ఉండాలి.

ఢిల్లీ కాదు, ముందు రాష్ట్రం

మనలో చాలామంది ఏ సమస్య వచ్చినా నేరుగా ప్రధానమంత్రిని ట్యాగ్ చేస్తాం. కానీ రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితా అని ఒకటుంది. దాంట్లో ఆరో అంశం చూడండి: ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆస్పత్రులు, డిస్పెన్సరీలు. అంటే మీ పీహెచ్‌సీలో డాక్టర్ ఉన్నాడా లేడా, జిల్లా ఆస్పత్రిలో మందులు దొరుకుతున్నాయా లేదా, ప్రైవేటు ఆస్పత్రుల మీద రాష్ట్రంలో ఏ నిబంధనలు ఉన్నాయి, ఇవన్నీ ఎక్కువగా తేలేది హైదరాబాద్‌లో, అమరావతిలో, జైపూర్‌లో, చెన్నైలో.

ఇంకో లాభం కూడా ఉంది. ఒక రాష్ట్రంలో పనిచేసింది ఇంకో రాష్ట్రం కాపీ కొడుతుంది. ఇలాంటి కాపీ తప్పు కాదు, మంచిదే. తమిళనాడు 1990ల మధ్యలో మందుల కొనుగోలుకి ఒక ప్రత్యేక కార్పొరేషన్ పెట్టింది. టీఎన్‌ఎంఎస్‌సీ అంటారు. 1995లో పని మొదలుపెట్టింది. ఐడియా సింపుల్. మొత్తం రాష్ట్రానికి కావాల్సిన మందులన్నీ ఒకేచోట, బ్రాండ్ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో, ఓపెన్ టెండర్‌లో కొంటారు. ల్యాబ్‌లో శాంపిల్ పరీక్ష పాసైతేనే ఆస్పత్రులకి పంపుతారు. ప్రతి ఆస్పత్రికి ఒక పాస్‌బుక్ ఉంటుంది, ఎంత విలువైన మందులు తీసుకోవచ్చో దాంట్లో ఉంటుంది. స్టాక్ మొత్తం కంప్యూటర్‌లో. 90ల్లోనే ఇన్వెంటరీ సిస్టమ్ పెట్టారు గురూ!

దాన్నే చూసి రాజస్థాన్ 2011 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజు, ప్రభుత్వ ఆస్పత్రులకి వచ్చే అందరికీ ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. దానికి ముందు సమిత్ శర్మ అనే ఐఏఎస్ ఆఫీసర్ చిత్తోర్‌గఢ్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు, తక్కువ ధర జెనరిక్ మందుల షాపులు నడిపి చూపించాడు. అదే జిల్లాలో ప్రయాస్ అనే సంస్థ ఏళ్ల తరబడి ఆరోగ్య హక్కుల మీద పనిచేస్తోంది. 2013లో ఉచిత పరీక్షలు కూడా కలిశాయి. మందులు ఎందుకు అంత ముఖ్యం అంటే, సామాన్యుడి జేబుకి చిల్లు పడేది ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపరేషన్‌తోనే కాదు. ప్రతి నెలా వచ్చే షుగర్, బీపీ మందుల చీటీతో కూడా.

ఒక నంబర్ గుర్తుపెట్టుకోండి. నేషనల్ హెల్త్ అకౌంట్స్ లెక్క ప్రకారం, 2013-14లో దేశంలో వైద్యం మీద పెట్టే మొత్తం ఖర్చులో 64.2 శాతం జనం సొంత జేబులోంచి పెట్టారు. 2021-22కి అది 39.4 శాతానికి వచ్చింది. తగ్గింది, మంచిదే. అయినా వంద రూపాయల్లో దాదాపు నలభై ఇంకా మన జేబులోంచే పోతోంది.

మన దగ్గర ఏం జరిగింది

మన కథ కూడా ఇదే దారిలో నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ మొదలైంది. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని ముందు మూడు జిల్లాల్లో ట్రై చేసింది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. దీని వెనక ఉన్న విషయం ఏంటంటే, అప్పటికే ముఖ్యమంత్రి సహాయనిధి కోసం పెద్ద ఎత్తున అప్లికేషన్లు వచ్చేవి. గుండె ఆపరేషన్లకి, పిల్లల జబ్బులకి. ఎమ్మెల్యే లెటర్ పట్టుకుని సెక్రటేరియట్ చుట్టూ తిరిగేవాళ్లు. దయ మీద ఆధారపడ్డ సాయాన్ని ఒక సిస్టమ్‌గా మార్చారు. అదీ ఆరోగ్యశ్రీ గొప్పతనం. 2023 డిసెంబర్‌లో తెలంగాణ దీని పరిమితిని 10 లక్షలకి, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకి పెంచాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ.

కానీ ఒక తేడా గమనించండి. ఆరోగ్యశ్రీ ఒక పథకం, చట్టం కాదు. పథకం ప్రభుత్వం ఇచ్చేది. హక్కు మనం అడిగి తీసుకునేది. పథకంలో మీ జబ్బు లిస్టులో లేకపోతే లేదు. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామంటే, కార్డు జేబులో ఉన్నా మీరు బయటే నిలబడాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది చాలాసార్లు చూశాం. అప్పుడు మీకు ఏ హక్కు ఉంది, ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి?

సరిగ్గా ఈ ప్రశ్నలే రాజస్థాన్‌లో కొంతమంది అడిగారు. అక్కడి నుంచే అసలు కథ.

ఒక చట్టం ఎలా పుట్టింది

రాజస్థాన్‌కి ఒక అలవాటు ఉంది. మనమందరం వాడే సమాచార హక్కు ఉద్యమం పెరిగింది ప్రధానంగా అక్కడి పల్లెల్లోనే. 1994 నుంచి ఊళ్లలో జన్ సున్‌వాయ్ పెట్టేవాళ్లు. అంటే బహిరంగ విచారణ. పంచాయతీ లెక్కల కాగితం చదువుతారు, "ఈ కూలి నీకు వచ్చిందా?" అని జనం ముందే అడుగుతారు. రాజస్థాన్ 2000లో సొంతంగా సమాచార చట్టం చేసుకుంది. దేశం మొత్తానికి చట్టం వచ్చింది 2005లో.

అదే పద్ధతిని ఆరోగ్యానికి వాడారు. జన్ స్వాస్థ్య అభియాన్ అనే వేదిక ఉంది. దేశమంతా ఉన్న ఆరోగ్య సంఘాల నెట్‌వర్క్ అది. దాని రాజస్థాన్ విభాగం, 2018 అసెంబ్లీ ఎన్నికల ముందు, ఆరోగ్యాన్ని చట్టబద్ధమైన హక్కుగా చేయాలని పార్టీలని అడిగింది. టైమింగ్ చూశారా? ఎన్నికలయ్యాక కాదు, మేనిఫెస్టో రాసేటప్పుడు. కాంగ్రెస్ దాన్ని మేనిఫెస్టోలో పెట్టింది, ఆ ఎన్నికల్లో గెలిచింది. అశోక్ గెహ్లాత్ ముఖ్యమంత్రి అయ్యారు.

అక్కడితో అయిపోయిందా? లేదు. తర్వాత కోవిడ్ వచ్చింది. బిల్లు అసెంబ్లీలోకి వచ్చింది 2022 సెప్టెంబర్‌లో. అంటే దాదాపు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లు ఈ సంఘాల వాళ్లు వదల్లేదు. "మీరు హామీ ఇచ్చారు, ఏమైంది" అని గుర్తుచేస్తూనే ఉన్నారు. మన భాషలో ఫాలో అప్. టికెట్ క్లోజ్ అయ్యేదాకా.

బిల్లు రాగానే ప్రైవేటు డాక్టర్లు వ్యతిరేకించారు. సెలక్ట్ కమిటీకి పంపారు, మార్పులు చేశారు. 2023 మార్చి 21న అసెంబ్లీ పాస్ చేసింది. ఆరోగ్యాన్ని హక్కుగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం రాజస్థాన్ అయింది.

చట్టంలో ఏముంది అంటే, ముఖ్యమైనవి మూడు చెప్తాను. ఒకటి, యాక్సిడెంట్, పాము కాటు, జంతువు కాటు, ఇంకా అథారిటీ నిర్ణయించే ఇతర ఎమర్జెన్సీల్లో ముందుగా డబ్బు కట్టకుండానే చికిత్స పొందే హక్కు. పోలీసులు రాలేదన్న కారణంతో ఆలస్యం చేయకూడదు. రెండు, రోగి డబ్బు కట్టలేకపోతే ఆ ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం ఆస్పత్రికి ఇస్తుంది. మూడు, ఫిర్యాదు చేయడానికి జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో అథారిటీలు. ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, తర్వాత 25 వేల దాకా జరిమానా.

మొదటి పాయింట్ చదివినప్పుడు నాకు ఆ రిసెప్షన్ అమ్మాయి గొంతు గుర్తొచ్చింది. రెండో పాయింట్ చదివినప్పుడు ఇంకా ఎక్కువ గుర్తొచ్చింది.

డాక్టర్లు ఎందుకు రోడ్డెక్కారు

ఇక్కడ చాలామంది యూట్యూబ్ వీడియోల్లో డాక్టర్లని విలన్లు చేసేస్తారు. నేను అలా చేయను. వాళ్ల ప్రశ్నలు వినండి.

ఎమర్జెన్సీ అంటే ఏంటి, ఎవరు నిర్ణయిస్తారు? ఒక ఊళ్లో కంటి డాక్టర్ చిన్న క్లినిక్ నడుపుతున్నాడు. గుండెపోటు పేషెంట్ వస్తే ఆయన ఏం చేయాలి? చేయకపోతే ఫైనా? ఇంకోటి, ప్రభుత్వం డబ్బు ఇస్తుందంటోంది. ఎప్పుడు ఇస్తుంది? ఏ రేటు ప్రకారం ఇస్తుంది? ఆరోగ్య పథకాల బకాయిల కథ మనకి తెలియంది కాదు కదా. నెల జీతాలు ఇవ్వాల్సిన ఇరవై పడకల ఆస్పత్రి ఓనర్‌కి ఇది నిజమైన భయం. చికిత్సలో ఏదైనా జరిగితే బంధువులు దాడి చేస్తారన్న భయం కూడా ఉంది.

ఇంకోవైపు, చట్టం కోసం పోరాడినవాళ్లు ఏమన్నారంటే, ప్రాణాపాయంలో వైద్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, చట్టం కొత్తగా పెట్టింది ఏంటంటే డబ్బు ప్రభుత్వం ఇస్తుందన్నదే. దీన్ని ఆపడం అంటే గేటు దగ్గర డిపాజిట్ పద్ధతిని కాపాడటమే అన్నారు. నాకైతే ఈ మాటే న్యాయంగా అనిపిస్తుంది. కానీ డబ్బు టైమ్‌కి వస్తుందన్న నమ్మకం కలిగించాల్సింది ప్రభుత్వమే, డాక్టర్ కాదు. అందుకని డాక్టర్ల రెండో ప్రశ్న కూడా న్యాయమైనదే.

2023 మార్చిలో ప్రైవేటు ఆస్పత్రులు మూతపడ్డాయి. ఒకరోజు ప్రభుత్వ డాక్టర్లు కూడా వాళ్లకి మద్దతుగా పని ఆపారు. ఇబ్బంది పడింది ఎవరు? చట్టం ఎవరి కోసం చేశారో వాళ్లే. ఏప్రిల్ 4న ప్రభుత్వానికీ డాక్టర్లకీ ఒప్పందం కుదిరింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రులు బయట. ప్రభుత్వం నుంచి భూమి, రాయితీ తీసుకోని ప్రైవేటు ఆస్పత్రులూ బయట. లోపల మిగిలింది ఎవరంటే, ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆస్పత్రులు, ప్రభుత్వంతో భాగస్వామ్యంలో నడిచేవి, ఉచితంగా లేదా తక్కువ ధరకి ప్రభుత్వ భూమి తీసుకున్నవి. ఆ నెల్లోనే గవర్నర్ సంతకం అయింది.

ఒక్క నిమిషం ఆలోచించండి. మా బాబాయ్‌ని తీసుకెళ్లిన ఆస్పత్రి హైవే పక్కన ఒక చిన్న బిల్డింగ్. యాభై పడకలు ఉండవు. అంటే ఆ ఒప్పందం ప్రకారం చూస్తే, ఆ చట్టం మన దగ్గర ఉన్నా కూడా ఆ గేటు తెరుచుకునేది కాదు.

డిక్లేర్ చేశారు, వాల్యూ ఇవ్వలేదు

ఇప్పుడు అసలు ట్విస్ట్. చట్టం వచ్చింది, గెజిట్‌లో పడింది. కానీ చట్టంలో చాలాచోట్ల ఒక మాట ఉంటుంది: "నిర్దేశించిన విధంగా". అంటే వివరాలు రూల్స్‌లో చెప్తాం అని. ఎమర్జెన్సీ వైద్యం ఇవ్వాల్సిన "డెసిగ్నేటెడ్ హెల్త్ కేర్ సెంటర్లు" ఏవి? రూల్స్‌లో చెప్తారు. ఆస్పత్రికి డబ్బు ఎలా తిరిగి ఇస్తారు? రూల్స్‌లో చెప్తారు.

2023 డిసెంబర్‌లో రాజస్థాన్‌లో ప్రభుత్వం మారింది. చట్టం వచ్చి రెండేళ్లు దాటినా ఆ రూల్స్ రాలేదు.

కోడింగ్ తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. వేరియబుల్ డిక్లేర్ చేశారు, వాల్యూ అసైన్ చేయలేదు. యాప్ ప్లే స్టోర్‌లో ఉంది, సర్వర్ ఆన్ చేయలేదు. మీరు ఎంత నొక్కినా లోడింగ్ అనే తిరుగుతుంది. చట్టాన్ని ఎవరూ రద్దు చేయక్కర్లేదు. రూల్స్ రాయకుండా కూర్చుంటే చాలు.

నన్ను అడిగితే ఈ కథలో పెద్ద పాఠం ఇదే. అసెంబ్లీలో బల్లలు చరిచిన రోజు మనం గెలిచాం అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాం. నిజానికి అది సగం దారి. తర్వాత రూల్స్, ఆ తర్వాత బడ్జెట్‌లో డబ్బు, ఆ తర్వాత జిల్లాలో ఆ అథారిటీ ఆఫీసుకి ఒక కుర్చీ, ఒక ఫోన్ నంబర్. ఈ నాలుగూ ఉంటేనే రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి "రూల్ అది సార్, ముందు లోపలికి తీసుకెళ్లండి" అంటుంది.

మనం ఏం చేయగలం

"బ్రో, నేను బీటెక్ సెకండియర్, నేనేం చేస్తాను" అని కామెంట్ పెట్టేవాళ్ల కోసం ఈ పార్ట్. పెద్ద పెద్ద మాటలు వద్దు, చేయగలిగేవే చెప్తాను.

మొదట, ఇప్పుడున్నవి తెలుసుకోండి. 2025 మే 5 నుంచి దేశమంతా ఒక స్కీమ్ ఉంది. మోటార్ వాహనాల వల్ల రోడ్డు ప్రమాదం జరిగితే, గుర్తించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స. గుర్తించని ఆస్పత్రికి తీసుకెళ్తే, పరిస్థితి నిలకడగా అయ్యేంత వరకు చికిత్స దీని కిందే వస్తుంది. దీన్ని రాష్ట్రంలో నడిపించాల్సింది రాష్ట్ర రోడ్డు భద్రతా మండలి. చూశారా, చేసింది కేంద్రం, నడవాల్సింది మళ్లీ రాష్ట్రంలోనే. మీ జిల్లాలో గుర్తించిన ఆస్పత్రులు ఏవో ఇప్పుడే కనుక్కుని, ఇంట్లో గ్రూప్‌లో పెట్టండి. యాక్సిడెంట్ అయిన రాత్రి వెతుక్కునే విషయం కాదు అది. ఇంకోటి, ప్రమాదంలో ఉన్నవాళ్లని మంచి మనసుతో ఆస్పత్రికి తీసుకెళ్లినవాళ్లకి మోటార్ వాహనాల చట్టంలో రక్షణ ఉంది. మీ పేరు, అడ్రస్ చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ రాత్రి మా బాబాయ్‌ని ఆటోలో ఎక్కించినవాళ్లు ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు. వాళ్లు భయపడి ఆగిపోయి ఉంటే ఈ ఎపిసోడ్ వేరేలా ఉండేది.

రెండు, కాగితం మీద అడగండి. స్టేటస్ పెడితే 24 గంటల్లో పోతుంది. ఆర్‌టీఐ దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో. ఫీజు పది రూపాయలు మించదు. "మా ఆస్పత్రి ఎందుకు బాలేదు" అని రాస్తే జవాబు రాదు. "మా పీహెచ్‌సీలో గత ఆరు నెలల్లో మెట్‌ఫార్మిన్ మాత్రలు ఎన్ని రోజులు స్టాక్ లేవు? మంజూరైన డాక్టర్ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని?" అని రాయండి. నంబర్ అడిగితే నంబర్ వస్తుంది. ఆ నంబర్ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కి, తెలంగాణలో అయితే ప్రజావాణికి వెళ్లండి. ఒక్కరు వెళ్తే దరఖాస్తు. పది ఊళ్ల నంబర్లు ఒక షీట్‌లో పెట్టి వెళ్తే అది వార్త.

మూడు, బిల్లులు దాచండి. డిపాజిట్ రసీదు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లు, ఎంతసేపు ఆపారో టైమ్ తో సహా. రాజస్థాన్‌లో సమాచార హక్కుకి బలం ఇచ్చింది నినాదాల కంటే ఎక్కువగా, జనం ముందు చదివిన కాగితాలే. నా దగ్గర ఆ రాత్రి స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కాబట్టే 42 నిమిషాలు అని గట్టిగా చెప్పగలుగుతున్నాను. అవి లేకపోతే "చాలాసేపు" అనేవాణ్ని. చాలాసేపు అంటే ఎవడూ వినడు.

నాలుగు, మేనిఫెస్టో సీజన్ మిస్ అవ్వకండి. ఎన్నికలకి ఆరు నెలల ముందే అడగాలి. అడిగేటప్పుడు "మంచి వైద్యం కావాలి" అనకండి, దానికి అందరూ సరే అంటారు. ఇలా అడగండి: ఎమర్జెన్సీలో డిపాజిట్ అడగకూడదన్న చట్టం తెస్తారా? ఆస్పత్రికి ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో అందులోనే రాస్తారా? ఎన్ని నెలల్లో రూల్స్ తెస్తారో చట్టంలోనే పెడతారా? ఈ రెండో ప్రశ్న డాక్టర్లు అడిగిందే. ముందే జవాబు రాసుకుంటే రోడ్డు మీద కొట్లాట కొంతైనా తగ్గుతుంది. మూడోది రాజస్థాన్ నేర్పింది.

చివరిగా ఒక్క మాట. నేను చాలా రోజులు ఆ రిసెప్షన్ అమ్మాయి మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు లేదు. ఆమె చెప్పింది నిజమే, ఆమె చేతిలో ఏం లేదు. ఆమెకి కూడా బహుశా పన్నెండు వేల జీతం ఉంటుంది, ఆమె ఇంట్లో ఎవరికైనా అలా అయితే ఆమె కూడా ఇంకో రిసెప్షన్ ముందు నిలబడాలి. రూల్ మారాల్సింది ఆమె టేబుల్ దగ్గర కాదు. మారాల్సిన చోటు అసెంబ్లీ, సెక్రటేరియట్. అక్కడికి ఓటేసి పంపేది మనమే కాబట్టి, అడగాల్సింది కూడా మనమే.

మీ పీహెచ్‌సీకి ఆర్‌టీఐ వేస్తే, వచ్చిన జవాబులోంచి మీ పేరు, అడ్రస్ తీసేసి మాకు పంపండి. సరిపడా వస్తే వాటన్నిటితో ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ పెట్టుకోండి, బెల్ట్ కూడా బిగించండి. ఆ రాత్రి మా బాబాయ్ హెల్మెట్ బెల్ట్ పెట్టుకోలేదు.